గోబరు గ్యాసు: పొయ్యికి మంట, పొలమునకు ఎరువు

(కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల పట్టాదారు రైతుల కొరకు)

1. పేడకు గల దారులు

ప్రతిదినము ప్రాతఃకాలమున కొట్టములో ఎత్తు పేడకు మన గ్రామములలో రెండు దారులు కలవు. ఒకటి పెంటకుప్ప దారి. రెండవది పిడకల దారి. పెంటకుప్పకు పోయిన పేడ ఎండకు ఎండి, వానకు తడిసి, తన సారములో కొంత గాలికిని, కొంత నీటికిని పోగొట్టుకొని, మిగిలినంత మాత్రము పొలమునకు చేరును. పిడకయైన పేడ పొయ్యిలో కాలి బూడిదయగును. పైరునకు ముఖ్యాహారమగు నత్రజని పొగతో కూడ గాలిలో కలిసిపోవును. బూడిదలో పొటాషును, కొంత భాస్వరమును మాత్రమే మిగులును. అంగడిలో యూరియా బస్తాకు సొమ్ము చెల్లించు రైతే తన యింటి యెరువును తన పొయ్యిలో కాల్చుచున్నాడు.

ఈ రెండును గాక మూడవ దారి యొకటి కలదు. పేడను గాలి చొరని తొట్టిలో నుంచి పులియనిచ్చినచో దాని నుండి మండెడి వాయువు పుట్టును. ఆ వాయువు పొయ్యికి పోవును. మిగిలిన మడ్డి పొలమునకు పోవును. దీనినే జనులు గోబరు గ్యాసు అనియు, శాస్త్రజ్ఞులు బయోగ్యాసు లేక జీవవాయువు అనియు వ్యవహరింతురు. పశువు లున్నంత కాలము, అవి మేయుటకు గడ్డి మొలచినంత కాలము ఈ యింధనము తరుగునది కాదు. నేలను త్రవ్వి తీసిన బొగ్గును చమురును వాడినకొలది తరుగును. పేడ రేపు ఉదయమునకు మరల వచ్చును.

అయినను కట్టిన తొట్లన్నియు నేడు నడచుచున్నవని చెప్పరాదు. పశువులను లెక్కింపక కట్టినవియు, నేల స్వభావ మెరుగక కట్టినవియు చెడి నిరుపయోగములగును. కావున ఈ పత్రములో గ్యాసు వలని లాభములనే గాక, దానిని ఎవరు కట్టుకొనవలయునో, ఎవరు కట్టుకొనరాదో కూడ వివరింపబడుచున్నది.

2. వాయువు పుట్టు విధము

ఎండకాలమున చెరువు అడుగంటినప్పుడు బురదలో కర్ర గ్రుచ్చి కదిపినచో బుడగలు పైకి వచ్చుట పశువులు కాయు బాలురకు కూడ తెలిసినదే. ఆకులు, నాచు మొదలగునవి గాలి తగులని చోట కుళ్ళుట వలన పుట్టిన వాయువే ఆ బుడగలలో నుండును. 1776లో ఇటలీ దేశస్థుడగు వోల్టా పండితుడు మజ్జోరె సరస్సు బురదలోని యిట్టి వాయువును పట్టి, అది మండునని పరీక్షించి చూపెను. మన తొట్టిలో జరుగునదియు అదే కార్యము.

పేడలో కంటికి కనబడని సూక్ష్మజీవులు కోట్లకొలది నివసించును. వానిలో కొన్ని మొదట పేడలోని పదార్థములను కరగించి ఆమ్లములుగా మార్చును. మరికొన్ని ఆ ఆమ్లములను తిని మీథేను అను మండెడి వాయువును విడుచును. ఈ రెండవ జాతి మెల్లగా పెరుగును, గాలి తగిలినచో చచ్చును, చలికి మందగించును. ఈ జీవులను పాడిపశువులను సాకినట్లు సాకవలయును. వేళకు మేత, తగినంత నీరు, తగినంత వెచ్చదనము ఇచ్చినవానికే అవి ఫలమిచ్చును.

ఇట్లు పుట్టిన వాయువులో నూటికి 55 మొదలు 65 వంతుల వరకు మీథేను ఉండును. మిగిలినదానిలో బొగ్గుపులుసు వాయువు అధికము. క్రుళ్ళిన గ్రుడ్డు వాసన గల హైడ్రోజను సల్ఫైడు స్వల్పముగా నుండును. సరియగు పొయ్యిపై ఈ గ్యాసు నీలిమంటతో, పొగ లేక, మసి లేక మండును.

3. ఈ పద్ధతి మన దేశమునకు వచ్చిన క్రమము

1897లో బొంబాయిలోని మాటుంగా కుష్ఠరోగుల ఆశ్రమమున మురుగు నుండి గ్యాసు తీసి వాడిరి. 1939 ప్రాంతమున ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధనాలయమున ఎస్. వి. దేశాయి పశువుల పేడపై పరీక్షలు జరిపెను. 1951లో జష్‌భాయి పటేలు ఇనుప డ్రమ్ము తేలుచు లేచి దిగెడి తొట్టిని నిర్మించి దానికి గ్రామలక్ష్మి అని పేరిడెను. 1960 దశకపు తొలి యేండ్లలో ఖాదీ గ్రామోద్యోగ సంఘమువారు ఆ నమూనాను గ్రామములకు తెచ్చిరి. డ్రమ్ముకు తుప్పు పట్టుట, ఖర్చు హెచ్చుట చూచి, 1978లో ఉత్తరప్రదేశమునందలి అజిత్‌మల్ కేంద్రమువారు ఇటుక గుమ్మటము గల జనతా నమూనాను తయారుచేసిరి. 1984లో అఫ్‌ప్రో సంస్థవారు ఇంకను తక్కువ ఖర్చుగల దీనబంధు నమూనాను రూపొందించిరి. అది పూర్తిగా భూమిలో కట్టు గుమ్మటము. కదలు భాగములు దానిలో లేవు.

1981-82లో కేంద్ర ప్రభుత్వము జాతీయ బయోగ్యాసు కార్యక్రమమును ప్రారంభించెను. మన ప్రాంతమున 1986లో ఏర్పడిన నెడ్‌క్యాపు సంస్థయు, తెలంగాణ రాష్ట్ర మేర్పడిన 2014 తరువాత రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థయు ఇట్టి పనులకు బాధ్యత వహించినవి. 2016లో పాత కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలు పలు జిల్లాలుగా విభజింపబడినవి గాన, మంచిర్యాల, నిర్మలు, ఆసిఫాబాదు, జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల ప్రాంతముల రైతులు తమ తమ జిల్లా కార్యాలయములలో విచారించుకొనవలయును. సహాయ ధనము ఏటేట మారుచుండును. కావున పని మొదలిడుటకు ముందే విచారించుట మేలు. కట్టిన పిదప అడుగుట వలన ప్రయోజనము లేదు.

4. మొదట తూచుడు, పిదప త్రవ్వుడు

తొట్టి పరిమాణము ఇంటిలోని జనులను బట్టి గాక కొట్టములోని పేడను బట్టి నిర్ణయింపవలయును. ఇది అన్నిటికన్న ముఖ్యమైన సూత్రము.

పచ్చి పేడ 25 కిలోలకు దినమునకు సుమారు 1 ఘనపు మీటరు గ్యాసు వచ్చును. కట్టివేసి మేపు ఆవు గాని ఎద్దు గాని దినమునకు సుమారు 10 కిలోలు, బర్రె సుమారు 15 కిలోలు పేడ వేయును. దీనిని బట్టి,

1 ఘనపు మీటరు తొట్టికి 25 కిలోల పేడ, అనగా 2 లేక 3 పశువులు;
2 ఘనపు మీటర్ల తొట్టికి 50 కిలోల పేడ, అనగా 4 లేక 5 పశువులు;
3 ఘనపు మీటర్ల తొట్టికి 75 కిలోల పేడ, అనగా 6 మొదలు 8 పశువులు కావలయును.

అయితే ఈ లెక్క కొట్టములో కట్టివేసిన పశువులకే చెల్లును. ఆదిలాబాదు అటవీ గ్రామములలో మందలు ప్రొద్దున అడవికి పోయి సాయంత్రము తిరిగివచ్చును. పగలు వేసిన పేడ అడవిలోనే ఉండిపోవును. అట్టి పశువు నుండి రాత్రి పేడ మాత్రమే చేతికి వచ్చును గావున పశువుల సంఖ్య రెట్టింపు కావలయును. మాటలతో అంచనా వేయక, ఏడు దినములు వరుసగా పేడను గంపలతో తూచి వ్రాసుకొనుడు. ఏడింటిలో తక్కువ వచ్చిన దినమునే లెక్కకు తీసికొనుడు.

50 కిలోల పేడకు 50 లీటర్ల నీరు కలిపి ప్రతిదినము పోసినచో దినమునకు సుమారు 100 లీటర్లు లోపలికి పోవును. అది 40 దినములు లోపల నిలిచి పులియవలయునన్నచో తొట్టిలో 4000 లీటర్ల చోటు కావలయును. పెద్ద తొట్టి కట్టి తక్కువ పేడ పోసినచో ఖర్చు వ్యర్థము; చిన్న తొట్టిలో ఎక్కువ పేడ పోసినచో పులియకయే బయటపడును.

2 ఘనపు మీటర్ల గ్యాసు అయిదారుగురు గల కుటుంబపు వంటకు చాలును. గంటకు 0.45 ఘనపు మీటరు ఖర్చుచేయు పొయ్యి ఒకటి దానితో నాలుగు గంటలకు పైగా మండును. బజారు సిలిండరు గ్యాసుతో పోల్చినచో నెలకు సుమారు 26 కిలోలు, అనగా 14.2 కిలోల సిలిండర్లు రెండింటికి కొంచెము తక్కువ. కట్టెలతో పోల్చినచో దినమునకు 7 కిలోలు, ఏటికి రెండున్నర టన్నులు. కాని ఈ తొట్టితో నీటి ఇంజను నడుపవచ్చునని ఎవరైన చెప్పినచో నమ్మకుడు. 5 గుఱ్ఱముల శక్తి గల ఇంజను గంటకు రెండు ఘనపు మీటర్లకు పైగా గ్యాసు కోరును. దినమంతటి గ్యాసు గంట గడువక ముందే తీరును. ఇంజను పని పెద్ద పాడి గలవారికే తగును.

5. స్థలమును, నేలయు

తొట్టి వంటయింటికిని కొట్టమునకును సమీపమున నుండవలయును. పేడ మోయు దూరమెక్కువైనచో కొన్ని దినములకే విసుగు పుట్టును. ఎండ బాగుగ తగులు మెఱక స్థలము శ్రేష్ఠము. త్రాగునీటి బావికి కనీసము 15 మీటర్ల దూరముండవలయును. వేప, రావి, మఱ్ఱి వంటి పెద్ద చెట్ల సమీపమున కట్టరాదు. వేళ్ళు గోడను చీల్చును.

మన ప్రాంతపు నేలలను గూర్చి ప్రత్యేకముగ హెచ్చరింపవలసి యున్నది. ప్రత్తి పండు నల్లరేగడి వానకాలమున నీరు త్రాగి ఉబ్బును. ఎండకాలమున ముడుచుకొని నెఱ్ఱెలు విచ్చును. ఆ నేల ఇటుక గోడను ఏటేట నొక్కి వదలుచుండును గావున గుమ్మటము పగులును. కంటికి కనబడని సన్నని పగులు చాలు. గ్యాసంతయు దానిగుండ పోవును, పొయ్యి వెలుగదు. కావున రేగడిలో కట్టువారు నల్లమట్టిని దాటి మొరము తగులువరకు త్రవ్వి అడుగును దిమ్మిస చేయవలయును. గోడచుట్టును త్రవ్విన నల్లమట్టినే తిరిగి పూడ్చక, మొరము గాని ఇసుక గాని పొరలు పొరలుగా వేసి దిమ్మిస కొట్టవలయును. వాననీరు చుట్టును నిలువకుండ కాలువ తీయవలయును.

కరీంనగరము వైపున కాలువల క్రిందను చెరువుల క్రిందను ఉన్న గ్రామములలో కష్టము వేఱొక విధమైనది. అచ్చట వానకాలమున ఊటనీరు నేలమట్టమునకు దగ్గరగా వచ్చును. ఊటలో కట్టిన గోడ నిలువదు. మీ బావిలో భాద్రపద మాసమున నీరు ఎంత పైకి వచ్చునో చూచుకొని, ఆ మట్టమునకు తొట్టి అడుగు దిగకుండునట్టి మెఱకను ఎన్నుకొనుడు. అట్టి చోటు లేనిచో కట్టకుండుటయే మంచిది.

గుమ్మటము కట్టుట ఇల్లు కట్టు మేస్త్రీలందరికి తెలిసిన పని కాదు. శిక్షణ పొందిన మేస్త్రీ చేతనే కట్టింపవలయును. లోపలి గిలాబా పలు పూతలుగా వేసి, దినములకొలది నీరు పట్టి, పేడ పోయుటకు ముందు గాలి నిలుచునో లేదో పరీక్షింపవలయును. గ్యాసు గొట్టమును వాలుగా అమర్చి, అతి పల్లమైన చోట నీరు దించు మర పెట్టవలయును. లేనిచో గొట్టములో నీరు పేరుకొని మంట ఎగిరెగిరి పడును.

6. దినచర్య

మొదటిసారి తొట్టిని పేడయు నీరును సమభాగములుగా కలిపి నింపవలయును. నడచుచున్న మరియొక తొట్టి నుండి కొంత మడ్డి తెచ్చి కలిపినచో, పాలలో తోడు వేసినట్లు, పులియుట త్వరపడును. రెండు మూడు వారములలో గ్యాసు వచ్చును. మొదట వచ్చినది సరిగా మండదు. దానిలో గాలియు కలిసియుండుట వలన ప్రేలుడు ప్రమాదము కూడ కలదు. దానిని బయట విడిచివేసి, తరువాత వచ్చినదానిని పొయ్యివద్దనే వెలిగించి చూడవలయును. తొట్టివద్ద గాని గొట్టము కొసవద్ద గాని అగ్గిపుల్ల గీయరాదు.

పిదప ప్రతిదినము అదే వేళకు తాజా పేడను సమానమగు నీటితో కలిపి పోయుడు. గడ్డిపోచలను రాళ్ళను ఏరివేయుడు. మట్టినేలపై ఎత్తిన పేడలో ఇసుక కలిసి వచ్చి, ఏడాదికేడాది అడుగున గట్టిపడి తొట్టి చోటును తినివేయును. కొట్టములో షాబాదు బండలు పరచుకొన్నవారికి ఈ బాధ లేదు. సబ్బునీరు, ఫినాయిలు, పురుగుమందు తగిలిన నీరు తొట్టిలో పడరాదు. పశువులకు సూక్ష్మజీవులను చంపు మందులు ఇచ్చిన దినములలో వాని పేడను పెంటకుప్పకు వేయుడు.

గ్యాసు తగ్గినచో మొదట సబ్బునురుగును గొట్టపు అతుకులపై పూసి చూడుడు. బుడగ లేచిన చోట కారుచున్నదని తెలియును. కారిపోయిన మీథేను మన పొయ్యికి నష్టము మాత్రమే కాదు. నూరేండ్ల లెక్కలో అది బొగ్గుపులుసు వాయువు కన్న ఇరువది యెనిమిది రెట్లు హెచ్చుగా భూమిని వేడెక్కించునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. సిలిండరు గ్యాసు పొయ్యి దీనికి పనికిరాదు. బయోగ్యాసునకై చేసిన పొయ్యినే వాడవలయును.

చలికాలమున గ్యాసు తగ్గుట సహజము. తొట్టిలోని జీవులకు 35 డిగ్రీల వెచ్చదనము మిక్కిలి హితము. పుష్యమాసమున ఆదిలాబాదు ప్రాంతమున రాత్రివేళ చలి 10 డిగ్రీలకు దిగువకు పోవు దినములు కలవు. ఆ దినములలో ఎండలో కాగిన నీటితో మధ్యాహ్నవేళ పేడను కలిపి పోయుడు; గుమ్మటముపై వరిగడ్డి మందముగ కప్పుడు. గ్యాసు తగ్గినదని పేడను హెచ్చించి పోయరాదు. ఆకలి మందగించినవానికి మేత హెచ్చించినచో అజీర్ణమగునట్లు, తొట్టి పులుపెక్కి పూర్తిగా ఆగిపోవును.

7. ప్రాణాపాయ హెచ్చరిక

ఈ మాట ఇంటిలోని పిల్లలకును జీతగాండ్రకును కూడ వినిపింపుడు. నడచిన తొట్టిలోనికి ఎట్టి కారణము చేతను మనిషి దిగరాదు. లోపల ప్రాణవాయువు ఉండదు, విషవాయువు ఉండును. దిగినవాడు కేక వేయుటకు కూడ వ్యవధి లేక పడిపోవును. అతనిని తీయుటకై దిగిన రెండవవాడును పడిపోవును. ఇట్లు ఒకనికై మరియొకడు దిగి ఒకే గుంటలో పలువురు మరణించుట జరుగుచున్నది. వాసన లేదని ధైర్యపడరాదు. విషము హెచ్చైనచో ముక్కు వాసనను పట్టజాలదు. తొట్టిని శుభ్రపరుపవలసి వచ్చినచో శిక్షణయు, తగిన పరికరములును గలవారినే పిలువుడు. పేడ పోయు ద్వారమునకును మడ్డి వచ్చు ద్వారమునకును బండ మూతలు వేయుడు.

8. మడ్డియే అసలు లాభము

గ్యాసు వచ్చిన పిదప మడ్డిని మురుగుకాలువలో విడుచు రైతు, పాలు పిండి వెన్నను పారవేసినవాడగును. పేడలోని నత్రజని దాదాపు అంతయు మడ్డిలోనే నిలిచియుండును. దినమునకు 50 కిలోల చొప్పున ఏటికి 18 టన్నుల పేడ తొట్టిలోనికి పోవును. పచ్చి పేడలో నూటికి 0.3 వంతు నత్రజని అనుకొన్నను ఏటికి సుమారు 54 కిలోలగును. 45 కిలోల యూరియా బస్తాలు రెండున్నరలో నున్న నత్రజని అంతయే. ఇది యంతయు మొదటి పంటకే అందదు. కొంత మెల్లమెల్లగా అందును. కాని యూరియా ఇయ్యని సేంద్రియ పదార్థము దీనిలో కలదు. అది రేగడిని గుల్లపరచి చెలక నేలకు తేమ నిలుపు గుణము నిచ్చును.

మడ్డిని మూడు విధములుగ వాడవచ్చును. వరి మడికి పారు నీటితో కలిపి పారించుట మొదటిది. ప్రత్తి, పసుపు, మొక్కజొన్న వేయుటకు ముందు దుక్కిలో చల్లి వెంటనే మట్టితో కలుపుట రెండవది. మూడవది కంపోస్టు గుంట. ఇది అన్నిటికన్న శ్రేష్ఠము. ఎండలో ఆరబెట్టినచో నత్రజనిలో కొంత ఆవిరియై పోవును గాన, కంపమండలు గాక మెత్తని చెత్తను, తుంచిన ప్రత్తికట్టెను, మొక్కజొన్న చొప్పను, పసుపు ఆకును, వరిగడ్డిని పొరలుగా పరచి ఒక్కొక్క పొరపై మడ్డి పోయవలయును. హార్వెస్టరు కోసిన పిదప మడిలో తగులబెట్టు గడ్డి అంతయు ఇట్లు ఎరువగును. పూర్వము ఇండోరు సంస్థానమున ఆల్బర్టు హోవర్డు దొర చెత్తను, పేడను పొరలుగా వేసి ఎరువు చేయు పద్ధతిని నెలకొల్పి 1931లో గ్రంథరూపమున ప్రకటించెను. మన గుంటలో చేయునది ఆ పద్ధతికి దగ్గరిదే.

9. రైతులు అడుగు ప్రశ్నలు

"ఇంటింటికి సిలిండరు వచ్చినది, ఈ శ్రమ ఎందుకు?" అని కొందరు అడుగుదురు. 1999 నాటి దీపము పథకమును, 2016 నాటి ఉజ్జ్వల పథకమును పొయ్యిని మార్చిన మాట నిజము. కాని సిలిండరు ప్రతిసారి సొమ్ము కోరును, ఎరువు ఇయ్యదు. సిలిండరు ఉన్నను ఖర్చుకు వెఱచి కట్టెలపొయ్యి వద్ద పొగలో కన్నులు నులుముకొను గృహిణులు అనేకులు కలరు. కవ్వాలు అడవి 2012లో పెద్దపులుల సంరక్షణ స్థానమైనది. ఆ చుట్టుపట్ల గ్రామములకు కట్టెకై అడవికి పోవు దినములు తగ్గుటయు లాభమే.

"ట్రాక్టరు వచ్చి ఎడ్లను అమ్మివేసితిమి, మేము కట్టవచ్చునా?" అని మరికొందరు అడుగుదురు. ఒకటి రెండు పశువులు గలవారు, రేపో మాపో అమ్మదలచినవారు కట్టరాదు. పేడ కొని నడుపుదుమనుకొన్నవారి తొట్లు సాధారణముగ నిలువవు. పాడి నిలుపుకొన్నవారికే ఇది తగును.

"పేడ గాక వేఱు వస్తువులు పనికిరావా?" అనిన, వచ్చును. హైదరాబాదు బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో దినమునకు సుమారు 10 టన్నుల చెడిన కూరగాయలతో 500 యూనిట్ల విద్యుత్తు తీయు యంత్రశాలను 2021 నాటికి నడిపిరి. ఇంటి తొట్టిలో వంటింటి తుక్కును కొద్దికొద్దిగ మాత్రమే పేడతో కలిపి వేయవచ్చును. హెచ్చైనచో తొట్టి పులుపెక్కును.

10. ముగింపు

రైతులారా! పొరుగువాడు కట్టెనని కట్టకుడు. సహాయ ధనము వచ్చునని కట్టకుడు. ఏడు దినములు పేడ తూచుడు. బావి నీటి మట్టము చూడుడు. మట్టి రేగడియో చెలకయో త్రవ్వి చూడుడు. ప్రతిదినము పేడ కలుపు పని ఎవరిదో ఇంటిలో ముందే నిర్ణయించుకొనుడు. ఆ పని చేయువారితో, ముఖ్యముగ ఇంటి ఆడువారితో, ఆలోచింపక గుంట త్రవ్వకుడు. ఈ నాలుగును సరిపడినచో నిస్సంశయముగ కట్టుడు. అప్పుడు ఒకే గంప పేడ ఉదయము పొయ్యిలో మంటయై, నలువది దినముల పిదప పొలములో పచ్చని పైరగును.